ఆదర్శ వాయువు, అసలు వాయువు

ఇంట్లో వాడే వంటగ్యాస్ సిలిండరులో 14.2 కిలోల గ్యాస్ నింపుతారు. సిలిండరు లోపలి చోటు 33.3 లీటర్లు, అంటే రెండు నీళ్ల బిందెలకు కాస్త ఎక్కువ. ఆ గ్యాసంతా బయటికి వచ్చి, 30 డిగ్రీల వేడిమిలో మామూలు గాలి పీడనం దగ్గర నిలిస్తే 6,500 లీటర్లు దాటుతుంది. దాన్ని పట్టడానికి నాలుగు వందలకు పైగా బిందెలు కావాలి. ఇంటర్మీడియట్ పుస్తకంలోని వాయు సూత్రాన్ని నమ్మి లెక్క వేస్తే, అంత గ్యాసును 33 లీటర్లలో ఉంచడానికి దాదాపు 200 అట్మాస్ఫియర్ల పీడనం అవసరం. జనగామ సందుల్లో ట్రాలీ ఆటో మీద ఇంటింటికీ చేరే ఎర్ర సిలిండరు అంత ఒత్తిడికి తగిన సీసా కాదు. దాని ఇనుప రేకు మందం మూడు మిల్లీమీటర్లకు మించదు. లోపలి పీడనం కాలాన్ని బట్టి అయిదు, పది అట్మాస్ఫియర్ల మధ్య ఉంటుంది. లెక్కకూ సీసాకూ మధ్య ఇరవై నుంచి నలభై రెట్ల తేడా! ఇది కొలతలో దొర్లిన పొరపాటు కాదు. సూత్రం ఊహించిన వాయువు వేరు, సిలిండరులో ఉన్న వాయువు వేరు.

సూత్రం ఊహించినదాన్ని ఆదర్శ వాయువు అంటారు. పీడనాన్ని ఘనపరిమాణంతో గుణిస్తే వచ్చే ఫలితం, మోల్‌ల సంఖ్యను వాయు స్థిరాంకంతో, పరమ ఉష్ణోగ్రతతో గుణించగా వచ్చే ఫలితానికి సమానమని ఆ సూత్రం చెబుతుంది. 1662లో రాబర్ట్ బాయిల్ ప్రకటించిన సంబంధం, తర్వాతి కాలపు చార్లెస్, అవగాడ్రో ఆలోచనలు ఇందులో కలిసి ఉన్నాయి. సూత్రం వెనక రెండు ఊహలు దాగి ఉంటాయి. అణువులకు సొంత పరిమాణం లేదు, అవి ఉత్త చుక్కలు అన్నది మొదటిది. ఒక అణువుకు మరో అణువు ఉనికితో పని లేదు, ఢీకొన్న క్షణంలో తప్ప వాటి మధ్య లాగుడు లేదు, తోపుడు లేదు అన్నది రెండోది. ఈ రెండూ నిజమైతే ప్రతి వాయువూ ఒకే తీరుగా నడుచుకోవాలి. హీలియమైనా బ్యూటేనైనా లెక్క ఒకటే కావాలి.

పీడనం తక్కువగా ఉన్నంతవరకు ఈ ఊహలు బాగానే నిలుస్తాయి. హైదరాబాదు–వరంగల్ రహదారి మీద జనగామ దాటే లారీ టైరులో గాలి ఎనిమిది అట్మాస్ఫియర్ల దగ్గర ఉన్నా, ఆదర్శ సూత్రానికీ నిజానికీ తేడా ఒక శాతంలో సగం కూడా ఉండదు. పంక్చర్ షాపులోని మీటరు అంత చిన్న తేడాను చూపించలేదు కూడా. కారణం దూరాలే. గది వేడిమిలో, మామూలు పీడనంలో గాలి అణువుల మధ్య సగటు దూరం అణువు వ్యాసానికి దాదాపు తొమ్మిది రెట్లు. అంత ఎడంలో ఒకరి లాగుడు మరొకరికి అందదు, ఒకరి ఒళ్లు మరొకరికి అడ్డం రాదు.

అణువులను దగ్గరికి తోస్తే కథ మారుతుంది. ఎంత మారిందో చెప్పడానికి రసాయన శాస్త్రంలో ఒక సంఖ్య ఉంది, పేరు సంపీడ్యతా గుణకం. నిజంగా కొలిచిన ఘనపరిమాణాన్ని ఆదర్శ సూత్రం చెప్పిన ఘనపరిమాణంతో భాగిస్తే అది వస్తుంది. ఆదర్శ వాయువుకు ఇది ఎప్పుడూ 1. ఒకటికన్నా తక్కువైతే వాయువు అనుకున్నదానికన్నా ఎక్కువగా ముడుచుకుంది, ఎక్కువైతే ముడుచుకోవడానికి మొరాయిస్తోంది.

ఆసుపత్రి వార్డుల్లో కనిపించే పెద్ద ఆక్సిజన్ సిలిండరు దీనికి మంచి కొలబద్ద. 2021లో కోవిడ్ రెండో ఉధృతి నాటికి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లిల్లో ఈ సిలిండరు పేరు తెలియని ఇల్లు లేదు. నల్లటి ఒళ్లు, తెల్లటి భుజం, లోపలి చోటు 46.7 లీటర్లు, నింపే పీడనం దాదాపు 150 అట్మాస్ఫియర్లు. ఈ రెంటినీ గుణిస్తే 7,000 లీటర్లు. ‘ఏడు ఘనపు మీటర్ల సిలిండరు’ అని అందరూ చెప్పుకునే మాట ఈ గుణకారంలోంచే వచ్చింది. అది ఆదర్శ వాయువు లెక్క. గది వేడిమిలో 150 అట్మాస్ఫియర్ల దగ్గర ఆక్సిజన్ సంపీడ్యతా గుణకం 0.95కు కొంచెం అటూ ఇటూ. అందువల్ల నిజంగా ఆ సీసాలో పట్టే ఆక్సిజన్ సుమారు అయిదు శాతం ఎక్కువ, అంటే మూడున్నర వందల లీటర్లకు పైనే. నిమిషానికి ఐదు లీటర్ల చొప్పున పీల్చే రోగికి అది మరో గంటా పది నిమిషాల ఊపిరి. అణువులు ఒకదాన్నొకటి లాక్కుంటాయి కాబట్టే ఆ గంట దొరికింది.

సీఎన్‌జీతో నడిచే ఆటోలో ఈ లాభం ఇంకా పెద్దది. అందులో ఉండేది దాదాపు అంతా మీథేన్. 200 అట్మాస్ఫియర్ల దగ్గర దాని గుణకం 0.83 ప్రాంతంలో ఉంటుంది, కాబట్టి ఆదర్శ లెక్కకన్నా ఇరవై శాతం ఎక్కువ ఇంధనం ట్యాంకులో పడుతుంది. హైడ్రోజన్ తీరు దీనికి తలకిందులు. గది వేడిమిలో 150 అట్మాస్ఫియర్ల దగ్గర దాని గుణకం 1.09కి దగ్గర. సిలిండరులో అనుకున్నదానికన్నా ఎనిమిది శాతం తక్కువే పడుతుంది. ఒకే పీడనంలో ఒక వాయువు లెక్కకు దిగువకు, మరొకటి ఎగువకు ఎందుకు పోతాయి? పంతొమ్మిదో శతాబ్దపు భౌతిక శాస్త్రజ్ఞులను చాలాకాలం పట్టి ఉంచిన ప్రశ్న ఇదే.

జవాబు దొరకాలంటే ముందు కొలతలు కావాలి, వాటికి పెద్ద పీడనాలు కావాలి. ఆనాడు పీడనాన్ని నమ్మకంగా కొలిచే సాధనం పాదరసపు స్తంభం ఒక్కటే. 76 సెంటీమీటర్ల పాదరసం ఒక అట్మాస్ఫియరు, కాబట్టి వందల అట్మాస్ఫియర్లు కొలవాలంటే వందల మీటర్ల నిలువు గొట్టం ఉండాలి. అంత ఎత్తు ఏ ప్రయోగశాలకూ లేదు. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఎమిల్ అమగా 1870ల చివర్లో దానికి మార్గం బొగ్గు గనిలో వెతుక్కున్నాడు. సెంట్-ఎటియెన్ దగ్గరి వెర్పియూ గని షాఫ్టులో 300 మీటర్లకు పైగా ఉక్కు గొట్టం దింపి, దాన్ని పాదరసంతో నింపి, అడుగున నైట్రోజన్‌ను 400 అట్మాస్ఫియర్లు దాటేవరకు నొక్కాడు. బొగ్గు గని కార్మికుడికి షాఫ్టు అంటే పనికి పోయే దారి, పైకి వచ్చే దారి. అలాంటి షాఫ్టే అప్పుడు అతి పొడవైన పీడనమాపకంగా పనిచేసింది. గని అడుగున వేడి, తేమ, చీకటి మధ్య సాగిన ఆ కొలతలు నైట్రోజన్ గురించి ఒక విచిత్రమైన సంగతి చెప్పాయి. పీడనం పెంచుతూ పోతే నైట్రోజన్ మొదట ఆదర్శ లెక్కకన్నా కొంచెం ఎక్కువగా ముడుచుకుంటుంది. ఒక హద్దు దాటాక వెనక్కి తిరిగి, లెక్కకన్నా తక్కువగా ముడుచుకోవడం మొదలుపెడుతుంది. ఆక్సిజనూ హైడ్రోజనూ వేర్వేరు రకాలు కావన్నమాట. ఒకే వంపుగీత మీద వేర్వేరు చోట్ల నిలబడ్డాయి.

ఆ వంపుగీతను విడమరిచే సమీకరణం అమగా కొలతలకన్నా ముందే, 1873లో వెలువడింది. రాసినవాడు యోహానెస్ డిడెరిక్ వాన్ డర్ వాల్స్. లైడెన్ పట్టణంలో ఒక వడ్రంగి కొడుకుగా పుట్టి, బడిపంతులుగా బతుకు మొదలుపెట్టి, గ్రీకు లాటిన్ రాని కారణంగా విశ్వవిద్యాలయ పరీక్షలకు చాలాకాలం అనుమతి దొరకని మనిషి. ముప్ఫై అయిదేళ్ల వయసులో సమర్పించిన డాక్టరేటు గ్రంథంలో ఆయన ఆదర్శ సూత్రాన్ని పారేయలేదు. దానిలోని రెండు అబద్ధపు ఊహలను పట్టుకొని, ఒక్కోదాని స్థానంలో ఒక్కో సవరణ పెట్టాడు.

మొదటి సవరణ అణువు ఒళ్లుకు సంబంధించినది. మేడారం జాతరకు వారం ముందు గద్దెల చుట్టూ ఉండే మైదానంలో పది మంది తిరుగుతుంటే మైదానమంతా వాళ్లదే. జాతర రోజున అదే మైదానంలో అడుగు తీసి అడుగు వేయడానికి దొరికే చోటు, మనుషుల ఒళ్లు ఆక్రమించగా మిగిలినది మాత్రమే. వాయువులోనూ అంతే. ఒక మోల్ ఆక్సిజన్ అణువులు ఒకదాన్నొకటి రానివ్వని చోటు 0.032 లీటర్లు. గది వేడిమిలో, మామూలు పీడనంలో ఆ మోల్‌కు 24 లీటర్లకు పైగా దొరుకుతుంది కాబట్టి ఈ చిన్న మొత్తం లెక్కలోకి రాదు. 150 అట్మాస్ఫియర్ల సిలిండరులో అదే మోల్‌కు మిగిలేది ఆరో వంతు లీటరు. అప్పుడు 0.032 లీటర్లంటే అందులో దాదాపు అయిదో వంతు. అణువులు తిరిగే చోటు తగ్గితే గోడలకు అవి తగిలే దఫాలు పెరుగుతాయి, పీడనం పెరుగుతుంది, గుణకం ఒకటి దాటడానికి చూస్తుంది.

రెండో సవరణ ఆకర్షణకు సంబంధించినది. సీసా నడుమ ఉన్న అణువును చుట్టూ ఉన్నవి అన్ని వైపులా సమానంగా లాగుతాయి, కాబట్టి లాగుడు చెల్లుకు చెల్లు అయిపోతుంది. గోడను తాకబోయే అణువు సంగతి అలా కాదు. దాని ముందు గోడ, వెనక సాటి అణువులు. వెనకవాళ్ల లాగుడు వల్ల అది గోడను తగిలే దెబ్బ మెత్తబడుతుంది. ఎంతమంది లాగుతున్నారు, ఎందరు గోడ దగ్గరికి చేరుతున్నారు అన్న రెండూ సాంద్రతను బట్టే ఉంటాయి, కనుక ఈ తగ్గుదల సాంద్రత వర్గంతో పెరుగుతుంది. వాన్ డర్ వాల్స్ సమీకరణంలో ఆకర్షణను కొలిచే స్థిరాంకం వాయువు వాయువుకూ మారుతుంది. హీలియంతో పోలిస్తే హైడ్రోజన్‌కు ఏడు రెట్లు, ఆక్సిజన్‌కు నలభై రెట్లు, కార్బన్ డయాక్సైడ్‌కు నూరు రెట్లు, నీటి ఆవిరికి నూట అరవై రెట్లు. వంటగ్యాసులోని బ్యూటేన్‌కు అది నాలుగు వందల రెట్లు. సిలిండరు రహస్యం చాలావరకు ఆ చివరి అంకెలోనే ఉంది. ఈ ఆకర్షణ ఎక్కడి నుంచి వస్తుందో వాన్ డర్ వాల్స్‌కు తెలియదు. అణువుల ఎలక్ట్రాన్ మేఘాల్లో క్షణక్షణం పుట్టే అసమానతలు ఒకదాన్నొకటి ప్రేరేపించుకోవడం వల్ల అది పుడుతుందని ఫ్రిట్జ్ లండన్ క్వాంటం సిద్ధాంతంతో చూపించేసరికి 1930 వచ్చింది. అణువులు నిజంగా ఉన్నాయా అని పేరున్న శాస్త్రజ్ఞులే అనుమానిస్తున్న రోజుల్లో, వాటికి ఒళ్లూ లాగుడూ కట్టి లెక్కల్లో దింపడం చిన్న సాహసం కాదు. 1910లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

ఇప్పుడు అమగా చూసిన వంపు అర్థమవుతుంది. ఒక మోస్తరు పీడనాల్లో ఆకర్షణది పైచేయి, గుణకం ఒకటికి కిందికి దిగుతుంది. బాగా నొక్కితే అణువుల ఒళ్లుదే పైచేయి, గుణకం ఒకటి దాటుతుంది. వేడిమి పెరిగితే అణువుల పరుగు ముందు ఆకర్షణ చాలదు. ప్రతి వాయువుకూ ఒక ఉష్ణోగ్రత దగ్గర ఈ రెండూ చాలా దూరం వరకు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, వాయువు దాదాపు ఆదర్శంగా నడుస్తుంది. దాన్ని బాయిల్ ఉష్ణోగ్రత అంటారు. హైడ్రోజన్‌కు అది సున్నాకు 160 డిగ్రీలకు పైగా దిగువన ఉంది, కాబట్టి మన వాతావరణంలో హైడ్రోజన్ ఎప్పుడూ మొరాయించే వాయువే. ఆక్సిజన్‌కు 130 డిగ్రీల పైన. నైట్రోజన్‌కు 54 డిగ్రీల దగ్గర. మే నెలలో బొగ్గు బెల్టులో 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. ఆ ఎండలో పడి ఉన్న నైట్రోజన్ సిలిండరు తన బాయిల్ ఉష్ణోగ్రతకు అందేంత దగ్గరలో ఉంటుంది.

ఆకర్షణ మరీ బలంగా ఉన్న చోట గుణకం తగ్గడంతో ఆగదు. అణువులు ఒకదాన్నొకటి పట్టుకొని ద్రవంగా కూలుతాయి. ఆదర్శ వాయువును ఎంత చల్లబరిచినా, ఎంత నొక్కినా అది ఎన్నటికీ ద్రవం కాదు, కావడానికి దానిలో ఏ బంధమూ లేదు. వంటగ్యాస్ సిలిండరులో ఎనభై శాతానికి పైగా చోటును నింపేది ద్రవమే, పైన కొద్ది మేర ఆవిరి. పీడనం ద్రవం ఎంత ఉందన్న దానిమీద కాక వేడిమి మీదే ఆధారపడుతుంది. అందుకే సిలిండరు నిండుగా ఉన్నా, అడుగంటుతున్నా పొయ్యి మంట ఒకేలా ఉండి, చివరి రోజున ఒక్కసారిగా తగ్గుతుంది. గ్యాస్ ఎంత మిగిలిందో చూడటానికి గృహిణులు సిలిండరుకు తడిగుడ్డ చుట్టి తీస్తారు. ద్రవం ఉన్నంత మేర ఇనుము మెల్లగా ఆరుతుంది, పైభాగం తొందరగా ఆరిపోతుంది, నడుమ ఒక గీత తేలుతుంది. ఆదర్శ వాయువుకు ఆ గీత ఉండదు.

ఏ వాయువునైనా నొక్కితే చాలు ద్రవమవుతుందని మైకేల్ ఫారడే 1823లో క్లోరిన్‌ను ద్రవంగా మార్చాక చాలామంది ఆశపడ్డారు. ఆక్సిజన్, నైట్రోజన్, హైడ్రోజన్ మాత్రం ఎంత పీడనానికీ లొంగలేదు, ‘శాశ్వత వాయువులు’ అనే పేరు తెచ్చుకున్నాయి. చిక్కుముడి విప్పింది బెల్‌ఫాస్ట్‌లో పనిచేసిన థామస్ ఆండ్రూస్. ఆయన కార్బన్ డయాక్సైడ్‌ను సన్నని గాజు గొట్టంలో బంధించి, వేర్వేరు వేడిమిల దగ్గర నొక్కి చూశాడు. 1869లో ప్రకటించిన ఫలితం ఇది: 31 డిగ్రీలకు దిగువన నొక్కితే ఒక దశలో ద్రవం కనిపిస్తుంది, ద్రవానికీ ఆవిరికీ మధ్య స్పష్టమైన గీత ఉంటుంది. 31 దాటితే ఎంత నొక్కినా ఆ గీత పుట్టదు. వాయువు చిక్కబడుతూ పోతుందే తప్ప రెండుగా విడిపోదు. ఈ హద్దుకు సందిగ్ధ ఉష్ణోగ్రత అని పేరు. ఆక్సిజన్‌కు అది సున్నాకు 118 డిగ్రీలు దిగువన ఉంది. గది వేడిమిలో నొక్కి ద్రవం చేయాలనుకున్నవాళ్ల శ్రమ ఎందుకు వృథా అయ్యిందో అప్పుడు తేలింది. వంటగ్యాసులోని ప్రొపేన్‌కు అది దాదాపు 97, బ్యూటేన్‌కు 152. ఏ ఎండాకాలమూ ఆ అంకెలను చేరదు కాబట్టే సిలిండరు వ్యాపారం సాధ్యమైంది.

కార్బన్ డయాక్సైడ్ హద్దు 31 డిగ్రీలు కావడం తెలంగాణకు సంబంధించి మరీ ఆసక్తికరం. మానుకోటలో (మహబూబాబాద్ పాత పేరు వాడుకలో ఇప్పటికీ అదే) సోడా బండి వెనక నిలబెట్టిన గ్యాస్ సిలిండరు ఏడాదిలో ఈ హద్దును చాలాసార్లు అటూ ఇటూ దాటుతుంది. జనవరి తెల్లవారుజామున 15 డిగ్రీల చలిలో దాని లోపల అడుగున ద్రవం, పైన ఆవిరి, పీడనం దాదాపు 50 అట్మాస్ఫియర్లు. పగలు వేడెక్కే కొద్దీ ద్రవం ఉబ్బుతుంది, ఆవిరి చిక్కబడుతుంది. నిండుగా నింపిన సీసాలో 27, 28 డిగ్రీలకల్లా ద్రవమే ఉబ్బి సీసానంతా ఆక్రమిస్తుంది. మే నెల మధ్యాహ్నం లోపల ద్రవమూ లేదు, ఆవిరీ లేదు. ద్రవమంత చిక్కగా ఉండి, వాయువులా సీసా అంతా నిండే మూడో రకం పదార్థం మాత్రమే ఉంటుంది. అప్పటికి పీడనం చాలా వేగంగా పెరుగుతుంది. కార్బన్ డయాక్సైడ్ సీసాలను లీటరు చోటుకు కిలోలో మూడింట రెండు వంతులకు మించి నింపకూడదన్న నియమం, మంటలు ఆర్పే సీసాల వాల్వుకు పగిలే పలక పెట్టడం, ఈ వేగం తెలిసి చేసిన ఏర్పాట్లే.

ఆకర్షణ మరో పని కూడా చేస్తుంది, చల్లబరుస్తుంది. సాయంత్రం మిర్చి బజ్జీల బండి దగ్గర పెద్ద పొయ్యి గంటల తరబడి మండుతుంటే, సిలిండరు కింది భాగం చెమర్చి, ఒక్కోసారి మంచు పొర పడుతుంది. మంట కొంచెం నీరసించగానే బండివాళ్లు సిలిండరును గోరువెచ్చని నీళ్ల టబ్బులో నిలబెడతారు. ద్రవం ఆవిరి కావాలంటే ఒకదాన్నొకటి పట్టుకున్న అణువులను విడదీయాలి, దానికి వేడి కావాలి, ఆ వేడి సిలిండరు నుంచే పోతుంది. సిలిండరు చల్లబడితే పీడనం పడిపోతుంది. టబ్బు నీళ్లు ఆ వేడిని తిరిగి అందిస్తాయి.

మహబూబాబాద్ ప్రాంతపు మిరప రైతుకు ఇదే ఆకర్షణ మరో రూపంలో అక్కరకొస్తుంది. ధర వచ్చేదాకా ఎండు మిర్చి బస్తాలను దాచే కోల్డ్ స్టోరేజీల్లో పెద్దవాటిలో సాధారణంగా తిరిగేది అమ్మోనియా. ఒక కిలో అమ్మోనియా ఆవిరి కావడానికి సుమారు 1,250 నుంచి 1,300 కిలోజౌళ్ల వేడి తీసుకుంటుంది. హైడ్రోజన్ బంధాలతో అల్లుకున్న అణువులు కాబట్టి అంత ఖర్చు. ఆవిరైన అమ్మోనియాను కంప్రెసరు నొక్కి, బయటి గాలికో నీటికో వేడి వదిలించి, మళ్లీ ద్రవం చేస్తుంది. దాని సందిగ్ధ ఉష్ణోగ్రత 132 డిగ్రీలు కాబట్టి నడివేసవిలో కూడా ఆ చక్రం ఆగదు. మిర్చి రంగు చెడకుండా, పురుగు పట్టకుండా నెలల తరబడి నిలవడం అమ్మోనియా ఆదర్శ వాయువు కాకపోవడం వల్లే.

ద్రవం ప్రమేయం లేకుండా, నొక్కిపెట్టిన వాయువును సన్నని రంధ్రంలోంచి వదిలినా వేడిమి మారుతుంది. జేమ్స్ జౌల్, విలియం థామ్సన్ 1852 నుంచి ఒక దశాబ్దం పాటు దీనిమీద ప్రయోగాలు చేశారు. ఆకర్షణ మిక్కుటమైన వాయువు వ్యాపించేటప్పుడు అణువులు ఒకదాని నుంచి ఒకటి విడివడటానికి తమ సొంత వేగాన్నే ఖర్చు చేస్తాయి, చల్లబడతాయి. కార్బన్ డయాక్సైడ్ సీసా మూతి దగ్గర తెల్లటి మంచు రాలడంలో దీని పాత్ర కూడా ఉంది. హైడ్రోజన్‌కు గది వేడిమిలో ఆకర్షణది కింది చేయి, అది ఇలా వ్యాపిస్తే కొంచెం వేడెక్కుతుంది. దాన్ని చల్లబడేలా చేయాలంటే ముందుగా సున్నాకు 70 డిగ్రీల దిగువకు తేవాలి. 1898లో జేమ్స్ డ్యువర్ హైడ్రోజన్‌ను ద్రవం చేయగలిగింది ముందు ద్రవ గాలితో దాన్ని ఆ హద్దు దాటించాకే.

భూపాలపల్లి నేల కింద కూడా అణువుల ఆకర్షణ ఒక నిల్వను కాపలా కాస్తోంది. బొగ్గు పొరల్లో మీథేన్ ఖాళీ రంధ్రాల్లో తిరుగాడే వాయువుగా ఉండేది తక్కువ. ఎక్కువ భాగం బొగ్గు లోపలి సూక్ష్మ రంధ్రాల గోడలకు అతుక్కొని, అధిశోషణం చెంది ఉంటుంది. రంధ్రాల చోటునూ లోతులోని పీడనాన్నీ తీసుకొని ఆదర్శ సూత్రంతో లెక్క కడితే ఉండాల్సినదానికన్నా బొగ్గు ఎన్నో రెట్లు ఎక్కువ గ్యాస్ దాచుకోగలదు. బొగ్గు తవ్వి పీడనం దించినప్పుడు అది మెల్లగా విడివడుతుంది. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్యకు చేరితే నిప్పురవ్వ చాలు, పేలుతుంది. అందుకే మన గని చట్టాలు పొరలను టన్ను బొగ్గుకు ఎంత గ్యాస్ విడుదలవుతుందో చూసి మూడు డిగ్రీలుగా విభజించాయి, గాలి ప్రసరణ ఏర్పాట్లను దాన్నిబట్టి కట్టడి చేశాయి.

ఆ బొగ్గు వెళ్లి కాలే చోట నిజ వాయువు తన పూర్తి స్వభావం చూపిస్తుంది. భూపాలపల్లికి దగ్గరలో, గణపురం మండలం చెల్పూరులో ఉన్న కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రంలో, కేటీపీపీ అని అందరూ పిలిచే చోట, 2010లో 500 మెగావాట్ల మొదటి యూనిట్, 2016లో 600 మెగావాట్ల రెండో యూనిట్ ఉత్పత్తిలోకి వచ్చాయి. ఈ తరగతి యూనిట్లలో బాయిలరు పైన డ్రమ్ము అనే పెద్ద ఉక్కు పాత్ర ఉంటుంది. నీరు, ఆవిరి విడిపోయేది అందులోనే. అక్కడి పీడనం 180 అట్మాస్ఫియర్ల ప్రాంతంలో, వేడిమి 357 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఆ పరిస్థితుల్లో ఒక కిలో ఆవిరి ఎంత చోటు తీసుకుంటుందని ఆదర్శ సూత్రాన్ని అడిగితే 16 లీటర్లు అంటుంది. నిజానికి అది తీసుకునేది ఏడున్నర లీటర్లు! గుణకం 0.46. సగానికి సగం కన్నా ఎక్కువగా ఉన్న తేడాను ‘స్వల్ప విచలనం’ అని పాఠ్యపుస్తకాల్లో రాయడం విద్యార్థికి మేలు చేయదు.

ఈ ఏడున్నర లీటర్లు బాయిలరు నిర్మాణాన్నే మార్చేశాయి. ఇంట్లో గిన్నెలో నీళ్లు కాగేటప్పుడు ఒక కిలో నీరు లీటరు చోటులో, ఒక కిలో ఆవిరి దాదాపు 1,670 లీటర్ల చోటులో ఉంటాయి. ఆవిరి బుడగ అంత తేలిక కాబట్టి ఎగసి పైకి వస్తుంది, దాని వెంట నీరు కదులుతుంది. చిన్న బాయిలర్లలో నీరు దానంతటదే తిరగడానికి ఆధారం ఆ తేలికదనమే. 180 అట్మాస్ఫియర్ల దగ్గర నీరు ఉబ్బి కిలోకు 1.84 లీటర్లు అవుతుంది, ఆవిరి ముడుచుకుని ఏడున్నర లీటర్లకు దిగుతుంది. ఆవిరికన్నా నీరు నాలుగు రెట్లే బరువు. పైకీ కిందికీ తోసే బలం నీరసించిపోతుంది. దేశంలోని 500 మెగావాట్ల తరగతి బాయిలర్లలో చాలావాటికి నీటిని తిప్పే ప్రత్యేక పంపులు పెట్టాల్సి వచ్చింది అందుకే. పీడనం ఇంకా పెంచి 218 అట్మాస్ఫియర్ల దగ్గర, 374 డిగ్రీల వేడిమికి చేరిస్తే నీటికీ ఆవిరికీ తేడా పూర్తిగా మాయమవుతుంది. సోడా సిలిండరులో మే నెలలో జరిగినదే ఇక్కడ పెద్ద ఎత్తున జరుగుతుంది. రామగుండంలో ఎన్టీపీసీ, దామరచర్లలో యాదాద్రి కేంద్రం నెలకొల్పిన 800 మెగావాట్ల యూనిట్లు ఆ హద్దు దాటి పనిచేసే సూపర్ క్రిటికల్ రకం. వాటి బాయిలర్లలో డ్రమ్ము అనేదే ఉండదు, విడదీయడానికి రెండు పదార్థాలు లేవు కాబట్టి.

డ్రమ్ము నుంచి బయలుదేరిన ఆవిరిని కొలిమి లోపలి గొట్టాల్లో మరింత వేడిచేసి 170 అట్మాస్ఫియర్లు, 540 డిగ్రీల దగ్గర టర్బైనుకు పంపుతారు. వేడిమి పెరగడంతో ఆకర్షణ పట్టు సడలి గుణకం 0.89కి లేస్తుంది. ఇంకా పదకొండు శాతం తేడా మిగిలే ఉంది. 500 మెగావాట్ల యూనిట్‌లో గంటకు దాదాపు 1,600 టన్నుల ఆవిరి ప్రవహిస్తుంది. అంత ఆవిరికి గొట్టాల వెడల్పూ టర్బైన్ బ్లేడ్ల పొడవూ నిర్ణయించే ఇంజనీరు పదకొండు శాతాన్ని వదిలేయలేడు. వాన్ డర్ వాల్స్ సమీకరణం కూడా అతనికి చాలదు. స్వభావాన్ని అది చక్కగా వివరిస్తుంది కానీ అంకెల్లో తడబడుతుంది. సందిగ్ధ బిందువు దగ్గర ఏ వాయువు గుణకమైనా 0.375 ఉండాలని అది చెబుతుంది, కార్బన్ డయాక్సైడ్‌కు నిజంగా ఉన్నది 0.27, నీటికి 0.23. వంటగ్యాస్, సహజవాయువు లెక్కలకు 1976లో వచ్చిన పెంగ్–రాబిన్సన్ సమీకరణం వంటి మెరుగైనవి వాడతారు. నీటి ఆవిరికి మాత్రం ఇలాంటి చిన్న సమీకరణాలను నమ్మరు. తరాల తరబడి కొలిచి కూర్చిన స్టీమ్ టేబుల్స్ తీస్తారు, ఇప్పుడైతే కంప్యూటరులోనే అవి ఉంటాయి.

టర్బైను పక్కనే తిరిగే జనరేటరును చల్లబరచడానికి పెద్ద యూనిట్లలో హైడ్రోజన్ నింపుతారు. గాలికన్నా ఏడు రెట్లు బాగా వేడిని మోస్తుంది, సాంద్రతలో పద్నాలుగో వంతే ఉంటుంది కాబట్టి తిరిగే రోటరుకు రాపిడి తక్కువ. జనరేటరు లోపల మూడు నాలుగు అట్మాస్ఫియర్ల దగ్గర దాన్ని ఆదర్శ వాయువుగా లెక్కించినా ఏ నష్టమూ లేదు. అదే హైడ్రోజన్‌ను నిల్వ చేసే 150 అట్మాస్ఫియర్ల సిలిండర్ల లెక్కలో ఆ సౌకర్యం లేదు.

టర్బైనులో దశ దశకూ ఆవిరి పీడనం కోల్పోతూ, వ్యాపిస్తూ చివరికి కండెన్సరుకు చేరుతుంది. అక్కడి పీడనం ఒక అట్మాస్ఫియరులో పదో వంతు, వేడిమి 46 డిగ్రీల దగ్గర. ఒక కిలో పొడి ఆవిరి అక్కడ 14,670 లీటర్లు ఆక్రమిస్తుంది. ఆదర్శ సూత్రం చెప్పేది 14,720. గుణకం 0.997. డ్రమ్ములో లెక్కకు సగానికన్నా దిగువన మొదలైన పదార్థం కొద్ది క్షణాల ప్రయాణంలో బాయిల్ సూత్రానికి ఇంచుమించు పూర్తిగా లోబడే స్థితికి వచ్చింది. అయినా కండెన్సరు గొట్టాల చల్లదనం తగలగానే ఆ అణువులు ఒకదాన్నొకటి పట్టుకొని నీటి బొట్లుగా రాలతాయి. 14,670 లీటర్లు ఒక్క లీటరుగా కుంచించుకుపోవడం వల్లే అక్కడ శూన్యానికి దగ్గరైన ఆ పీడనం నిలుస్తుంది, టర్బైను చివరి బ్లేడ్ల దాకా ఆవిరిని లాగుతుంది. అడుగున చేరిన నీటిని పంపులు తోడి తిరిగి బాయిలరుకు పంపుతాయి.